లోఖ్ అంటే సరస్సేనా? ఈ గేలిక్ మాటకు చుట్టాలెవరు, కానివాళ్లెవరు?

క్లైడ్_ఒడ్డున | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా గ్లాస్గోలో ఉంటున్నాను. ఇక్కడ ఊరు దాటి ఏ దిక్కుకు వెళ్లినా రోడ్డు బోర్డుల మీద ఒకటే మాట: లోఖ్ లోమండ్, లోఖ్ కాట్రిన్, లోఖ్ ఫైన్, లోఖ్ లాంగ్. గ్లాస్గో తాగేది కూడా 1859 నుంచి లోఖ్ కాట్రిన్ నీళ్లే. ఇక్కడి పాత భాష గేలిక్‌లో లోఖ్ అంటే సరస్సు అని అందరూ చెప్పేదే.

అయితే లోఖ్ ఫైన్, లోఖ్ లాంగ్ సరస్సులు కావు కదా. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు. ఉప్పునీళ్లు, ఆటుపోట్లు, ఒడ్డున నాచు వాసన, అన్నీ సముద్రానివే. మంచినీటి సరస్సుకూ ఉప్పునీటి పాయకూ ఒకే మాట ఎలా సరిపోయింది? ఇంగ్లీషు లేక్‌కూ దీనికీ చుట్టరికం ఉందా? ఇంకో సంగతి, తెలుగులో దీన్ని ఎలా రాయాలి? మన పేపర్లలో "లాక్‌నెస్ సరస్సు" అని చూస్తుంటాను, నాకది నచ్చదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

పదాల_బావి | శనివారం, రాత్రి 10:25

మంచి ప్రశ్న వేశారండీ. ముందు చుట్టరికం సంగతి తేల్చుకుంటే ఉప్పునీళ్ల సంగతి దానంతటదే తేలుతుంది.

పాత ఐరిష్‌లో ఇది లోఖ్. స్కాట్లాండ్ గేలిక్ ఆ పాత ఐరిష్ నుంచి వచ్చిందే కాబట్టి రెండు చోట్లా ఒకటే మాట. మ్యాన్ ద్వీపపు భాషలోనూ ఉంది. ఫ్రాన్స్ వాయవ్య తీరపు బ్రెటన్ భాషలో లోఖ్ అంటే సముద్రం పక్కన నిలిచే మడుగు. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ భాష కార్నిష్‌లో లోతైన నీటిపాయ, అక్కడి లూ అనే రేవు పట్టణం పేరు దాని నుంచే వచ్చింది. వేల్స్ భాషలోనూ పూర్వం ఉండేది, ఆంగ్లసీ దీవిలో ఆమ్లూఖ్ అనే ఊరి పేరు చివర ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ కాలపు వేల్స్ వాళ్లకు మాత్రం అదే ధ్వనితో ఉన్న మాటకు అర్థం దుమ్ము. సరస్సును వాళ్లు "లిన్" జాతి మాటతో పిలుస్తారు. డబ్లిన్ అంటే "నల్లమడుగు" అని వినే ఉంటారు, ఆ లిన్ ఇదే.

ఈ భాషలన్నీ కెల్టిక్ కుటుంబానివి. వీటన్నిటి వెనుక ఉన్న కెల్టిక్ మూలరూపాన్ని "లోకు" అని పునర్నిర్మించారు. లాటిన్ లాకస్ దీనికి తోబుట్టువు. అక్కడి నుంచి ఇటాలియన్, స్పానిష్ లాగో, ఫ్రెంచ్ లాక్, ఇంగ్లీషు లేక్. గ్రీకులో లక్కోస్. స్లావ్ భాషల్లో లోక్వ, అంటే గుంటలో నిలిచిన నీళ్లు. ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో "క" ధ్వని మారిపోయి పాత ఇంగ్లీషులో లాగు, స్కాండినేవియా పాత భాష నార్స్‌లో లోగ్ర్ అయింది. రెండింటికీ సముద్రం, నీళ్లు అనే అర్థం.

ఇక మీ ఉప్పునీళ్ల ప్రశ్న. గ్రీకు లక్కోస్‌కు అర్థం గొయ్యి, నీళ్లు నిలవచేసే తొట్టి. గ్రీకు బైబిల్లో యోసేపును అన్నలు పడేసిన గొయ్యి లక్కోసే. లాటిన్ లాకస్‌కు కూడా సరస్సు అనే అర్థంతో పాటు ద్రాక్షరసం పట్టే తొట్టి అనే అర్థం ఉంది. లాటిన్ బైబిల్లో దానియేలును తోసేసిన సింహాల గుహ "లాకస్ లియోనుమ్". అందులో నీటిచుక్క లేదు! అంటే ఈ మాటల కుటుంబం మొత్తానికి పట్టు నీళ్ల రుచి మీద కాదు, నేలలోని పల్లం మీద. నీళ్లు నిలిచే లోతైన పల్లం ఏదైనా లోఖే. ఆ పల్లం ఒక చివర తెరుచుకుని సముద్రంలో కలిసిందా, లేదా అన్నది గేలిక్ వాళ్లకు తర్వాతి విషయం. విడిగా చెప్పాలంటే "లోఖ్ మారా" అంటారు, సముద్రపు లోఖ్ అని.

లగూన్ కూడా ఈ ఇంటి పిల్లే. లాటిన్‌లో లాకస్ నుంచి లకూనా అనే మాట పుట్టింది, గుంట అని అర్థం. అది ఇటాలియన్‌లో లగూనా అయింది. పాత రాతప్రతుల్లో అక్షరాలు పోయి ఖాళీ పడితే యూరప్ పండితులు లకూనా అనే అంటారు. మనవాళ్లు గ్రంథపాతం అనేది దాన్నే.

---

విశ్రాంత_పంతులు | ఆదివారం, ఉదయం 6:15

బావిగారూ, ఓపికగా చెప్పారు. నాకొక ఆలోచన. సంస్కృతంలో లోకం ఉంది. తెలుగులో లో, లోతు, లోయ, లోపల ఉన్నాయి. పల్లం, లోతు అనే అర్థమే ముఖ్యమని మీరే అన్నారు కదా. లోఖ్‌కూ మన లోతుకూ, లోయకూ ఏదో ఒక పాత సంబంధం ఉండి ఉండాలి. ఇంతగా ధ్వని, అర్థం రెండూ కలిసినప్పుడు కాకతాళీయం అనుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

---

పదాల_బావి | ఆదివారం, ఉదయం 8:05

పంతులుగారూ, నమస్కారం. మీరు చెప్పిన రెండింటినీ విడివిడిగా చూద్దాం, ఎందుకంటే అవి రెండు వేర్వేరు దారులు.

మన "లో" మొదట్లో ఇలా లేదు. తమిళంలో ఉళ్, కన్నడంలో ఒళ, ఒళగె. మూల ద్రావిడ రూపం "ఉళ్". తెలుగులో మాట ముందున్న అచ్చు, దాని వెనకున్న హల్లు చోట్లు మార్చుకోవడం ఒక పెద్ద మార్పు. ఆ మార్పులోనే ఉళ్ కాస్తా లో అయింది. కాబట్టి లోతునూ లోయనూ పట్టుకుని వెనక్కి వెళ్లేకొద్దీ లోఖ్‌కు దగ్గర కావడం లేదు, దూరమైపోతున్నాం. ఇవాళ ఒకేలా వినిపిస్తున్న రెండు మాటలు వేల ఏళ్ల క్రితం ఒకేలా లేకపోతే ఆ పోలికకు విలువ లేదు.

లోకం సంగతి ఇంకా బాగుంటుంది. దానికి యూరప్‌లో చుట్టాలు నిజంగానే ఉన్నారు, కానీ వాళ్లు వేరే. లాటిన్ లూకస్ అంటే తోపు. లిథువేనియన్ లౌకస్ అంటే పొలం. అడవిలో చెట్లు కొట్టి వెలుతురు పడేలా చేసిన ఖాళీ జాగా అనేది మూలార్థం. నెపోలియన్ ఓడిన వాటర్‌లూలో చివరి "లూ" కూడా ఆ జాతిదే. లోకానికి వెలుతురుతో సంబంధం, లోఖ్‌కు పల్లంతో సంబంధం.

లోఖ్‌కు నిక్కచ్చి జోడు సంస్కృతంలో గానీ పాత ఇరానియన్‌లో గానీ లేదు. పైగా కెల్టిక్‌లో "ఒ", లాటిన్‌లో "అ" అని అచ్చు తేడా ఉంది. ఈ రెండు కారణాల వల్ల కొందరు భాషావేత్తలు దీన్ని ఇండో-యూరోపియన్ భాషలు రాకముందు యూరప్‌లో ఉన్న ఏదో పాత భాష నుంచి అందరూ తీసుకున్న మాటగా చూస్తారు. ఎక్కువమంది మూల ఇండో-యూరోపియన్ మాటే అంటారు.

---

లొల్ల_లాకుల_దగ్గర | ఆదివారం, ఉదయం 11:30

జర్మన్ నేర్చుకుంటున్నాను, అందుకే ఈ చర్చలోకి దూరుతున్నా. జర్మన్‌లో అచ్చం ఇదే స్పెల్లింగుతో, దాదాపు ఇదే ఉచ్చారణతో లోఖ్ ఉంది. అర్థం కన్నం, గొయ్యి! పదాల బావి అన్నా, మూలార్థం గొయ్యి అన్నావు కదా, మరి ఇదైనా చుట్టమేనా?

---

పదాల_బావి | ఆదివారం, మధ్యాహ్నం 12:50

తమ్ముడూ, చుట్టం కాదు. అయినా ఈ చర్చ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటికి తీసుకొచ్చావు.

పైన చెప్పాను, అసలు మాటలోని "క" జర్మానిక్ భాషల్లో "గ" అయి లాగు, లోగ్ర్ అని మిగిలింది. ఆ దారిలో వచ్చిన మాట జర్మన్‌లో లోఖ్ అయ్యే వీలు లేదు. జర్మన్ లోఖ్ వేరే ధాతువు నుంచి వచ్చింది, దాని అర్థం మూయడం. మూసి ఉంచిన చోటు, బంధించే చోటు, ఆపైన గొయ్యి, కన్నం. ఇదే ధాతువు ఇంగ్లీషులో లాక్ అయింది. తలుపు తాళం అదే, కాలువకు కట్టే లాకూ అదే.

అంటే గోదావరి డెల్టాలోని మీ లొల్ల లాకులు జర్మన్ లోఖ్‌కు చుట్టం. స్కాట్లాండ్ లోఖ్‌కు ఏమీ కారు.

---

లొల్ల_లాకుల_దగ్గర | ఆదివారం, మధ్యాహ్నం 1:35

ఇది మా ఇంట్లో చెప్తే ఎగిరి గంతేస్తారు. చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. కాటన్ దొర హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువల్లో పడవలు కూడా తిరిగేవి. కాలువ ఒక మట్టం నుంచి కింది మట్టానికి దిగే చోట లాకు ఉంటుంది. రెండు జతల తలుపులు, మధ్యలో రాతిగోడల తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. తూము ఎత్తి నీళ్లు మెల్లగా కిందికి వదులుతారు. పడవ గోడ పక్కనే అంగుళం అంగుళం దిగుతుంది, గోడ మీద తడి చార ఎంత మేర నీళ్లు తగ్గాయో చూపిస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. మూయడం లేకపోతే లాకు లేదు, కాబట్టి అన్న చెప్పిన ధాతువు అతికినట్టు సరిపోయింది.

---

క్లైడ్_ఒడ్డున | ఆదివారం, సాయంత్రం 4:20

భలే ఉంది! ఇక్కడ ఈ రెండు మాటలూ ఒకే చోట కలిసే ప్రదేశం ఉంది. కలెడోనియన్ కాలువ. థామస్ టెల్ఫర్డ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో కట్టి 1822లో తెరిచారు. స్కాట్లాండ్‌ను ఈ తీరం నుంచి ఆ తీరం దాకా అడ్డంగా కోస్తూ దాదాపు 97 కిలోమీటర్లు వెళ్తుంది. అందులో మనుషులు తవ్వింది మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, మిగతాదంతా వరుసగా ఉన్న లోఖ్‌లే: లోఖీ, ఓయిఖ్, నెస్, డోఖ్‌ఫోర్. వాటిని కలపడానికి 29 లాకులు. బానవీ దగ్గర ఎనిమిది లాకులు మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, వాటిని నెప్ట్యూన్ మెట్లు అంటారు. కాబట్టి లోఖ్‌ను లాక్ అని రాస్తే ఈ కాలువ గురించి తెలుగులో ఒక్క వాక్యం కూడా సరిగ్గా రాయలేం. లాకు ఏది, లోఖ్ ఏది?

బావిగారు చెప్పిన ఉప్పునీళ్ల వివరణకు సాక్ష్యంలా అనిపించే సంగతి ఒకటి ఇక్కడి చరిత్రలో ఉంది. లోఖ్ లాంగ్ సముద్రపు పాయ, లోఖ్ లోమండ్ మంచినీటి సరస్సు. అరోఖర్ అనే ఊరి దగ్గర ఈ రెండింటి మధ్య ఉన్న నేల మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. 1263లో నార్వే రాజు హాకొన్ దండెత్తినప్పుడు ఆయన ఓడల్లో కొన్ని లోఖ్ లాంగ్ చివరిదాకా వచ్చాయి. అక్కడి నుంచి వాటిని నేల మీద ఈడ్చుకుంటూ లోమండ్‌లోకి దించి, ఒడ్డున ఉన్న పల్లెల్ని దోచుకున్నారు. ఆ నేల అవతల ఉన్న ఊరి పేరు టార్బెట్, గేలిక్‌లో ఓడల్ని మోసుకుపోయే చోటు అని అర్థం. లోఖ్ లాంగ్‌లో "లాంగ్" కూడా ఇంగ్లీషు పొడుగు కాదు, గేలిక్‌లో ఓడ. ఓడ నడిపేవాడికి రెండూ ఒకే దారిలో వచ్చే నీళ్లు.

---

గాల్వే_గాలి | ఆదివారం, రాత్రి 8:10

ఐర్లాండ్ నుంచి నా మాట కూడా. ఇక్కడ ఐరిష్‌లో లోఖే, కానీ ఇంగ్లీషు బోర్డుల మీద చివర "జీ హెచ్" పెట్టి రాస్తారు. చదవడం మాత్రం అదే. ఆ స్పెల్లింగు ఇంగ్లండ్ ఉత్తరాన కూడా ఉంది. అక్కడ రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ పక్కన ఉన్న క్రాగ్ లోఖ్‌ను ఇప్పటికీ అలాగే రాస్తారు. ఆ ఉత్తర ప్రాంతమైన నార్తంబ్రియా పాత ఇంగ్లీషులో లుఖ్ అనే మాట ఉండేది, కెల్టిక్ పొరుగువాళ్ల నుంచి తీసుకున్నదే.

బెల్‌ఫాస్ట్ దక్షిణాన స్ట్రాంగ్‌ఫర్డ్ లోఖ్ ఉంది. ఆ "ఫర్డ్" ఇంగ్లీషు మాట కాదు, నార్స్ ఫియోర్డ్, అంటే సముద్రపు పాయ. ఇరుకు ముఖం దగ్గర ప్రవాహం ఉధృతంగా ఉంటుందని వైకింగులు బలమైన ప్రవాహపు ఫియోర్డ్ అని పేరు పెట్టారు. తర్వాతివాళ్లు దాని పక్కన లోఖ్ చేర్చారు. ఐరిష్ పేరు లోఖ్ కూయన్. కార్లింగ్‌ఫర్డ్ లోఖ్ కథా ఇదే.

నేను అసలు చెప్పాలనుకున్నది టర్లోఖ్ గురించి. గాల్వే, క్లేర్, మేయో ప్రాంతాలు సున్నపురాయి నేల. ఎండాకాలం అక్కడ పచ్చిక బయలు, ఆవులు మేస్తుంటాయి. శరదృతువులో వానలు పడితే కాలువ లేకుండా, ఏరు లేకుండా, నేల కన్నాల్లోంచి నీళ్లు పైకి ఉబికి సరస్సు అయిపోతుంది. వేసవికి మళ్లీ అవే కన్నాల్లోంచి దిగిపోతుంది. కూల్ పార్కు దగ్గర చూశాను. బయలు మధ్యలో ఉన్న రాతిగోడల మీద ఒక మట్టం దాకా నల్లటి నాచు కట్టి ఉంటుంది. ఎండిపోయి పెళుసుగా ఉన్న ఆ నాచు ఎక్కడిదాకా ఉందో చూస్తే చలికాలంలో నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయో తెలిసిపోతుంది. కొన్నిచోట్ల నా తల కన్నా పైన ఉంది. "టుర్" అంటే ఎండిన. ఎండిన లోఖ్ అని చాలామంది విడదీస్తారు, ఎండిన చోటు అనే ప్రత్యయంగా ఇంకొందరు విడదీస్తారు. ప్రపంచం మొత్తం మీద భూగర్భ శాస్త్రవేత్తలు ఇలాంటి సరస్సుకు ఈ ఐరిష్ మాటే వాడతారు.

---

చార్మినార్_చాయ్ | ఆదివారం, రాత్రి 9:30

ఉచ్చారణ సంగతి నాకు వదిలేయండి. హైదరాబాద్‌లో పుట్టినవాడికి ఈ ధ్వని రోజూ నోట్లో ఆడేదే. ఉర్దూలో ఖుదా, ఖబర్, తారీఖ్ అనేటప్పుడు గొంతు వెనుక గాలి రాసుకుంటూ వస్తుందే, అదే లోఖ్ చివర ఉన్న ధ్వని. పెళ్లి విందులో ఖుబానీ కా మీఠా అడిగినా అదే. పైగా దక్కనీ మాటల్లో "ఖాఫ్" అక్షరాన్ని కూడా మేం ఇలాగే పలుకుతాం, ఉత్తరాది ఉర్దూవాళ్లు దీన్ని బట్టే మమ్మల్ని గుర్తుపడతారు. లండన్ వాళ్లు చాలామంది లాక్ అనేస్తారు. పాతబస్తీ కుర్రాడు మాత్రం లోఖ్ నెస్‌ను మొదటిసారే స్కాట్లాండ్ వాడిలా పలుకుతాడు. కాబట్టి "ఖ్" తోనే రాయాలి. తెలుగు ఖ ఒత్తు ధ్వని, ఇది రాపిడి ధ్వని, నిజమే. అయినా తారీఖుకూ ఖాళీకీ మనం ఖ రాస్తూనే ఉన్నాం కదా.

---

బుక్కపట్నం_వాన | సోమవారం, ఉదయం 7:45

మా అనంతపురం వైపు వాన తక్కువ, చెరువుల పేర్లు మాత్రం సముద్రాలు. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం, పేరు ఊరిదీ చెరువుదీ. హైదరాబాద్‌లో 16వ శతాబ్దపు చెరువు హుసేన్ సాగర్. ఒకే మాట సముద్రానికీ చెరువుకూ వాడటం మనకు కొత్త కాదు. అయితే మనది కట్టించిన రాజు గొప్పకు పెట్టిన పేరు, లోఖ్‌ది నేల ఆకారం. తేడా ఉంది.

ఇంకెక్కడైనా ఇలా ఉందా?

---

లొల్ల_లాకుల_దగ్గర | సోమవారం, ఉదయం 9:10

జర్మన్‌లో ఉంది. "జే" అనే మాట పుంలింగమైతే సరస్సు, స్త్రీలింగమైతే సముద్రం. సముద్రానికి ఇంకో మాట మేర్. పక్కనే ఉన్న డచ్‌లో తిరగబడింది, మేర్ అంటే సరస్సు, జే అంటే సముద్రం. పరీక్షలో ఇది అడిగితే టెన్షన్ తప్పదు.

---

విశ్రాంత_పంతులు | సోమవారం, ఉదయం 10:40

రంగుల కంపెనీవాళ్లు రంగుపెట్టెల మీద "క్రిమ్సన్ లేక్" అని రాస్తారు. ఎర్రని సరస్సు అనుకోవాలా? బడిలో డ్రాయింగు మాస్టారి పెట్టెలో చూసేవాణ్ని.

---

పదాల_బావి | సోమవారం, మధ్యాహ్నం 2:00

పంతులుగారూ, ఈ లేక్ మాత్రం మన దేశం నుంచి వెళ్లింది. సంస్కృతం లాక్ష, మన లక్క. లక్కపురుగుల నుంచి తీసిన ఎరుపు ఐరోపాకు వెళ్లి, లాటిన్‌లో లక్కా అయి, ఇంగ్లీషులో లేక్ అనే రంగు పేరైంది. తర్వాత ఆ పద్ధతిలో చేసిన వేరే రంగులకూ పాకింది. నీళ్లతో సంబంధమే లేదు.

---

క్లైడ్_ఒడ్డున | సోమవారం, రాత్రి 8:55

లేక్ అనగానే గుర్తొచ్చింది. స్కాట్లాండ్‌లో దాదాపు అన్నీ లోఖ్‌లే అయినా మెంటీత్ మాత్రం లేక్ ఆఫ్ మెంటీత్. పాత స్కాట్స్ మాట లైఖ్, పల్లపు నేల అని అర్థం, దాన్ని లేక్‌గా పొరబడి రాశారని ఎక్కువమంది చెప్తారు. 19వ శతాబ్దం మొదటిదాకా దాన్ని లోఖ్ అనే పిలిచేవారు కూడా.

చివరిగా ఒక ప్రశ్న. కలెడోనియన్ కాలువ మీద లోఖ్ లోఖీ ఉందన్నాను. అది "సరస్సు సరస్సు" అన్నట్టా? స్ట్రాంగ్‌ఫర్డ్‌లా రెండు మాటలు పక్కపక్కన చేరాయా?

---

పదాల_బావి | సోమవారం, రాత్రి 10:15

లేదండీ, అక్కడ రెండో మాట వేరే. స్కాట్లాండ్‌లో చాలా సరస్సులకు అందులోంచి పారే నది పేరే ఉంటుంది. లోఖ్ నెస్ కూడా నెస్ నది పేరుతో వచ్చిందే. అయోనా మఠాధిపతి అడొమ్నాన్ 700 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన కొలంబా జీవితచరిత్రలో దాన్ని "నెస్ నది తాలూకు లాకస్" అనే అర్థం వచ్చేలా రాశాడు. ఇన్వర్నెస్ అంటే నెస్ నది కలిసే ముఖం.

లోఖీ కూడా ముందు నది పేరు. గేలిక్‌లో లోఖీకి అచ్చు దీర్ఘం, సరస్సుకు హ్రస్వం, వినగానే తేడా తెలుస్తుంది. పాత ఐరిష్‌లో నలుపును చెప్పే మాట ఒకటి ఉండేది, నది పేరు దాని నుంచి వచ్చింది. అదే అడొమ్నాన్ ఒక నది గురించి చెప్తూ దాని పేరును లాటిన్‌లో "నిగ్రా దేయ" అనవచ్చని రాశాడు, నల్లని దేవత అని. స్థలనామాల పండితులు ఆ నదిని లోఖీగానే గుర్తించారు. కాబట్టి లోఖ్ లోఖీ అంటే నల్లని దేవత నది పారే సరస్సు.

రాసేటప్పుడు మీరు మొదట రాసినట్టే లోఖ్ నెస్ అని రాసి వదిలేయండి, వెనక సరస్సు అక్కర్లేదు. లోఖీకి మాత్రం రెండోసారి దీర్ఘం పెట్టి, మొదటిదానికి హ్రస్వం పెట్టి "లొఖ్ లోఖీ" అని రాస్తే గేలిక్ తేడా తెలుగు లిపిలోనే కనిపిస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ వీలు లేదు.

---

క్లైడ్_ఒడ్డున | సోమవారం, రాత్రి 10:30

అలాగైతే లొఖ్ నెస్, లొఖ్ లోమండ్ అనే రాస్తాను. ఈ వారాంతం బానవీ వెళ్తున్నాం, లాకులూ లొఖ్ లోఖీ బోర్డూ ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను.